వదులైన తీగలు

మనం పక్కన పెట్టేసిన వస్తువు మన కోసం ఎదురు చూస్తుందా?

ఈ సందేహం నాకు చాలా ఏళ్లుగా ఉంది. పెద్దవాళ్లను అడిగితే, "చెంబుకీ కుర్చీకీ మనసేమిటి?" అని నవ్వారు. దేవుణ్ణి అడిగితే ఆయన ఎప్పటిలాగే ఏమీ మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడంలో కూడా ఏదో జవాబు ఉంటుందని నా నమ్మకం. గువ్వ అనే చిన్నపిల్ల సంగతి తెలిశాక ఆ జవాబు కాస్త అర్థమైనట్టు అనిపించింది. అందుకే మీకూ చెబుతున్నాను.

ఆ రోజు బడి వదిలేసరికి ఎండ ఇంకా మండుతూనే ఉంది. గువ్వ మెళ్లో తాడుకు కట్టుకున్న తాళంచెవి తీసి, మూడో అంతస్తులో తన ఇంటి తలుపు తెరిచింది.

"నేనొచ్చేశా!" అంది.

ఎవరూ పలకలేదు. ఫ్రిజ్ మాత్రం ఒకసారి గుర్రుమని ఊరుకుంది.

ఇంట్లో ఎవరూ ఉండరని గువ్వకి తెలుసు. అమ్మ ఆసుపత్రిలో రిసెప్షన్ దగ్గర కూర్చుంటుంది. చీకటి పడితే గానీ ఇంటికి రాదు. నాన్న లారీ తోలుతాడు. ఏ పూట ఏ ఊళ్లో ఉంటాడో ఆయనకే తెలియదు. అయినా తలుపు తీయగానే ఆ మాట అనడం గువ్వకి అలవాటైపోయింది. అక్క ఇంట్లో ఉన్నప్పుడు లోపల్నుంచి, "వచ్చావా తల్లీ, నా కొంప ముంచడానికి!" అని జవాబు వచ్చేది.

అక్కకి నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చింది. హాస్టల్లో ఉంటోంది. అది రాత్రంతా రైల్లో పడుకుంటే గానీ చేరలేని ఊరు.

గువ్వ వాళ్ల గదిలో రెండు మంచాలు ఉన్నాయి. ఒకదాని మీద దుప్పటి నలిగి, పుస్తకాలు, సాక్సులు, సగం కొరికిన పెన్సిలు చిందరవందరగా ఉంటాయి. రెండో దాని మీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంటుంది. ఆ మంచం మీద గువ్వ కూర్చోదు. దాని కింద నల్లటి పెట్టెలో అక్క గిటారు ఉంది.

గువ్వ అసలు పేరు బడిలో టీచర్లకు మాత్రమే తెలుసు. చిన్నప్పుడు ఎవరైనా ఇంటికొస్తే అక్క వెనకాల గువ్వలా ముడుచుకుని కూర్చునేదట. అలా ఆ పేరు వచ్చింది. ఇప్పుడు వెనకాల దాక్కుందామంటే అక్క లేదు.

కిటికీలోంచి పిల్లల అరుపులు వినిపించాయి. కింద బిల్డింగ్ పిల్లలు ఆడుకుంటున్నారు. అందరి గొంతుల మీదా ఒకే గొంతు తేలుతోంది. అది అందరూ రేడియో అని పిలిచే పిల్ల గొంతు. కింద అంతస్తులో ఉండే ఆ పిల్ల నిద్రలో కూడా మాట్లాడుతుందని వాళ్ల నాన్నమ్మే చెబుతుంది.

ఒకప్పుడు ఆ గొంతు రోజూ గువ్వ కిటికీ కిందికి వచ్చేది. "ఏయ్ గువ్వా! కిందికి దిగవే! నా బాకీ తీర్చి పోవే!"

అదేం డబ్బు బాకీ కాదు. అక్క ఊరెళ్లిన రోజు పిల్లలందరూ దాగుడుమూతలు ఆడుతున్నారు. రేడియో అందరికన్నా ముందు గువ్వని పట్టేసింది. తర్వాతి దొంగ గువ్వే. సరిగ్గా అప్పుడే గేటు దగ్గరికి టాక్సీ వచ్చింది. గువ్వ ఆట వదిలేసి అక్క దగ్గరికి పరుగెత్తింది. మళ్లీ ఆటకు రాలేదు. అంటే గువ్వ రేడియోకి ఒకసారి దొంగగా ఉండాల్సిన బాకీ ఉందన్నమాట.

కొన్నాళ్లు రేడియో రోజూ అరిచింది. తర్వాత అప్పుడప్పుడు అరిచింది. గువ్వ ఒక్కసారీ కిటికీ దగ్గరికి రాలేదు. ఆ తర్వాత రేడియో అరవడం మానేసింది.

గువ్వ కిటికీ రెక్క వేసేసింది.

*

అమ్మ వచ్చి కాళ్లు కడుక్కుంటుండగానే ఫోన్ మోగింది.

"మీ అక్కే. తియ్యవే, నా చేతులు తడిగా ఉన్నాయి."

"నాకు హోంవర్క్ ఉందమ్మా."

ఈ మధ్య గువ్వ రోజూ ఇదే మాట అంటోంది. మొదట్లో అక్కతో బోలెడు కబుర్లు చెప్పేది. మాట్లాడుతున్నంతసేపూ బాగుండేది. ఫోన్ పెట్టేశాకే వచ్చేది తంటా. గొంతులో ఏదో బిగదీసి లాగినట్టుండేది. ఇల్లు అంతకుముందు కన్నా పెద్దదైపోయేది. రెండు ముక్కలే మాట్లాడితే తక్కువ లాగుతుందని కొన్నాళ్లకు కనిపెట్టింది. అసలు మాట్లాడకపోతే అసలు లాగదు.

అమ్మ చీర చెంగుతో చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది. ఒక్క నిమిషంలో ఆమె మొహం వెలిగిపోయింది.

"ఆదివారం వస్తోందే! పొద్దున దిగి మళ్లీ సాయంత్రం రైలుకే వెళ్లిపోతుందట. ఇదిగో, నీతోనే చెప్పాలట."

ఫోన్‌లోంచి అక్క గొంతు గలగలమంది. "గువ్వా! గిటారు సిద్ధం చేసి ఉంచు. మన పాట ఇద్దరం వాయిద్దాం. ఎన్నాళ్లయిందో! జాగ్రత్తగానే చూసుకుంటున్నావుగా?"

"ఆఁ... జాగ్రత్తగానే ఉంది."

ఆ మాట అబద్ధం కాదు. వెళ్లేరోజు అక్క పెట్టెను గువ్వ చేతుల్లో పెట్టి, "దీన్ని నువ్వే చూసుకోవాలి" అంది. "అసలు ముట్టుకోను అక్కా, ఒట్టు!" అంది గువ్వ. అక్క ఏదో చెప్పబోయింది. కింద టాక్సీవాడు హారన్ మోగించాడు. చెప్పబోయిన మాట అలాగే ఉండిపోయింది.

ఆ మర్నాడు గువ్వ ఒక్కసారి పెట్టె తెరిచింది. తీగ మీద వేలు పెట్టింది. బిర్రుగా ఉంది. అక్క ఎప్పుడో చెప్పింది, ఆ తీగలన్నీ కలిసి లాగే బలం నాన్నంత మనిషి పట్టుకు వేలాడినంత ఉంటుందని. గువ్వకి జాలేసింది. వాయించేవాళ్లు లేనప్పుడు కూడా పాపం దానికి ఆ లాగుడెందుకు? గిటారు తల దగ్గరుండే బిరడాలను ఒక్కొక్కటే తిప్పి తీగలన్నీ వదులు చేసేసింది. అవి దారప్పోగుల్లా వేలాడాయి.

"ఇక హాయిగా పడుకో," అని పెట్టె మూసేసింది.

ఆనాటి నుంచి ఒట్టు తప్పలేదు. వారం వారం పెట్టె మీద దుమ్ము మాత్రం తడిగుడ్డతో తుడిచేది. పెట్టె అద్దంలా మెరిసిపోతోంది.

ఇప్పుడు ఆ పెట్టెను మంచం కింద నుంచి లాగి తెరిచింది. శ్రుతి చూపించే చిన్న క్లిప్పు అందులోనే ఉంది. అక్క ఎలా చేసేదో గువ్వకి బాగా గుర్తుంది. క్లిప్పు తగిలించి, బిరడా తిప్పుతూ, పచ్చ లైటు వెలిగేదాకా తీగ బిగించాలి.

లావు తీగలు బిగిశాయి. అన్నిటికన్నా సన్నటి తీగ మాత్రం ఫట్‌మని తెగి, గువ్వ చేతి మీద చురుక్కుమని కొట్టింది. గువ్వ మిగిలిన తీగల మీద తమ ఇద్దరి పాట మొదలుపెట్టింది.

జుయ్‌య్‌య్...

సీసాలో ఇరుక్కున్న ఈగలా ఉంది ఆ చప్పుడు. ఇంకో తీగ మీటింది. జుయ్‌య్. ఇంకోటి. అదీ అంతే.

గువ్వ తీగల మీద అరచెయ్యి పెట్టి ఆ చప్పుడు ఆపేసింది.

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఏమైందే? విరిగిందా?"

"విరగలేదు."

"మరి?"

"దాని గొంతు పోయింది," అంటూ గువ్వ ఏడుపు మొదలెట్టింది. "ముట్టుకోకుండా దాచానమ్మా! అక్క ఒక్క రోజు కోసం వస్తోంది. వచ్చి ఇది చూస్తే... ఇంకెందుకు వస్తుంది?"

"గిటారు కోసమా అది వచ్చేది, పిచ్చి మొహమా?"

అమ్మ గువ్వని దగ్గరికి తీసుకుంది. అయినా ఏడుపు ఆగలేదు. అమ్మకు గిటారు గురించి ఏమీ తెలియదు. ఆ మాటే చెప్పింది. "నాకు దాని తలేదో తోకేదో కూడా తెలీదు. మీ బళ్లో సంగీతం టీచరు ఉన్నారుగా? పొద్దున్నే పట్టుకెళ్లు."

*

పెట్టె గువ్వంత పొడుగుంది. మెట్లు దిగుతుంటే మోకాళ్లకు కొట్టుకుంటోంది. కింద వరండాలో రేడియో బూట్ల లేసులు కట్టుకుంటూ కనిపించింది. పెట్టెను చూసింది. గువ్వని చూసింది. ఏదో అనబోయి నోరు మూసుకుంది.

రేడియో నోరు మూసుకోవడం ఆ బిల్డింగ్‌లో ఎవరూ ఎన్నడూ చూడని వింత. గువ్వకి గొంతులో లాగింది. తలొంచుకుని గేటు దాటిపోయింది.

బడి వాచ్‌మన్ గేటు తీస్తూ, "ఏమ్మా, నువ్వు దాన్ని మోస్తున్నావా, అది నిన్ను మోస్తోందా?" అన్నాడు. ఇంకో రోజయితే గువ్వ నవ్వేదే.

సంగీతం గదిలో టీచరు బల్ల మీద ఏదో వెతుక్కుంటున్నారు. "నా కళ్లజోడు చూశావా?"

"మీ నెత్తి మీద ఉంది టీచర్."

"మంచిపిల్లవి. రోజూ ఎవరో ఒకరు చెబితే గానీ దొరకదు." ఆవిడ కళ్లజోడు కిందికి దించి పెట్టె వైపు చూశారు. "ఏమిటి రోగం?"

"తెలీదు టీచర్. నేనేం చేయలేదు. ఇన్ని నెలలూ ముట్టుకోనే లేదు!"

"మా ఆయనా అంతే. 'గిన్నెలు నేను ముట్టుకోలేదు' అంటారు. ఆ సంగతి సింకు చూస్తేనే తెలుస్తుంది."

టీచరు గిటారును బయటికి తీసి ఒక తీగ మీటారు. జుయ్‌మంది. ఆవిడ మొహం చిట్లించలేదు. గిటారు అడుగును భుజానికి ఆనించి, గురి చూస్తున్నట్టు ఒక కన్ను మూసి, మెడ పొడవునా చూశారు.

"ఇలా రా. నువ్వూ చూడు. ఈ బాట ఎలా ఉంది?"

గువ్వ ఒక కన్ను మూసి చూసింది. తీగల కింద, అడ్డంగా మెట్లు బిగించిన మెడ రోడ్డులా దూరానికి పోతోంది. "మధ్యలో కొంచెం ఉబ్బింది టీచర్. స్పీడ్ బ్రేకర్‌లా."

"భేష్. తీగలు ఆ ఉబ్బుకి తగులుతున్నాయి. అందుకే ఆ రొద." టీచరు గిటారును బల్ల మీద పడుకోబెట్టారు. "తీగలన్నీ వదులు చేసి దాచావా?"

కాదని చెప్పేయొచ్చు. ఆ గదిలో చూసినవాళ్లెవరూ లేరు. గువ్వ తన బూట్ల వైపు చూసింది.

"చేశాను టీచర్. అవి లాగుతుంటే దానికి నొప్పేమో అని..."

టీచరు నవ్వలేదు. చిన్న స్క్రూడ్రైవర్‌తో గిటారు తల దగ్గరున్న ప్లాస్టిక్ మూత విప్పారు. లోపల ఒక ఇనప నట్టు కనిపించింది.

"ఈ మెడ లోపల పొడుగునా ఇనప ఊచ ఉంది. తీగలు మెడను ఇటు లాగుతాయి. ఊచ అటు లాగుతుంది. ఇద్దరూ సరిసమానంగా లాగుతుంటే మెడ తిన్నగా నిలబడుతుంది. నువ్వు తీగల్ని పడుకోబెట్టావు. ఊచ మాత్రం పడుకోలేదు. ఇవతలివాళ్లు వదిలేశారని దానికి తెలీదుగా! ఒక్కతే లాగి లాగి, చివరికి మెడ వెనక్కి వంగిపోయింది."

గువ్వకి ఎందుకో కిటికీ కింద కేక గుర్తొచ్చింది. 'ఏయ్ గువ్వా! కిందికి దిగవే!'

"పాడైపోయినట్టేనా టీచర్? ఆదివారం మా అక్క వస్తోంది."

"మంచి కర్ర ఇది. దారికొస్తుంది. కాకపోతే తొందరపెడితే రాదు."

టీచరు పాత తీగలు తీసేశారు. అవి తుప్పుపట్టి వేళ్లకు ఎర్రటి పొడి అంటింది. గుడ్డ మీద ఒక చుక్క నూనె వేసి గువ్వ చేతికిచ్చారు. గువ్వ మెట్ల మధ్య ఒక్కొక్క గడీ తుడిచింది. వెలిసిపోయిన కర్ర నూనె తాగి నల్లగా నిగనిగలాడింది.

"ఎంత దాహంగా ఉందో చూశావా? ఎక్కడ పెట్టావు దీన్ని?"

"మంచం కింద. గోడ పక్కన."

"ఎండ పడే గోడేనా?"

"అవును టీచర్. మధ్యాహ్నం కాలిపోతుంది."

"అమ్మయ్యో! పెట్టెలో పెట్టి కాల్చావన్నమాట." ఆవిడ సొరుగులోంచి పాత సబ్బుపెట్టె ఒకటి తీశారు. దానికి బోలెడు చిల్లులున్నాయి. లోపల స్పాంజి ముక్క ఉంది. "దీన్ని తడిపి గట్టిగా పిండి పెట్టెలో ఉంచు. గాలి మరీ ఎండిపోదు."

ఆ తర్వాత కొత్త తీగలు ఎక్కించి, ఒక్కో బిరడా తిప్పుతూ శ్రుతి చేశారు. అదంతా అయ్యాక వంకర తాళంచెవి లాంటి పనిముట్టును ఆ నట్టులో పెట్టి, "ఊఁ, తిప్పు" అన్నారు.

"నేనా? విరిగిపోతే?"

"పక్కన నేనున్నాగా. కొంచెం. ఇంకొంచెం. చాలు, చాలు! అంతే."

గువ్వ ఊపిరి పీల్చుకుంది. "ఇప్పుడు వాయించనా?"

"ఇవాళ కాదు. తీగలు బిగించి ఉన్నట్టే ఈ గదిలో ఉంచుదాం. అవి అటు లాగనీ, ఊచ ఇటు లాగనీ. రాత్రంతా ఒకరినొకరు తెలుసుకోనీ. కర్రకి మన తొందర ఎక్కడ తెలుస్తుంది?"

మర్నాడు గంట కొట్టీ కొట్టకముందే గువ్వ అక్కడుంది. టీచరు ఒక తీగను మెడ మొదట్లోనూ, చివర్లోనూ నొక్కి పట్టుకున్నారు. మధ్యలో తీగ కింది నుంచి పాత బస్సు టికెట్టు ఒకటి దూర్చి చూడమన్నారు. టికెట్టు ఇరుక్కుంది. నట్టును మళ్లీ పిసరంత తిప్పారు. ఈసారి టికెట్టు తీగను రాసుకుంటూ జారింది.

"ఇప్పుడు వాయించు."

గువ్వ తీగ మీటింది. రొద లేదు. కానీ ఆ స్వరం పాడి పాడి అలిసినవాళ్లలా కిందికి దిగిపోయి ఉంది.

"శ్రుతి పోయింది టీచర్! నిన్న సరిగ్గానే ఉందిగా! నేను ముట్టుకోలేదు!"

"ముట్టుకో మరి," అన్నారు టీచరు.

గువ్వ ఆవిడ వైపు చూసింది.

"కొత్త తీగలంతే. సాగుతాయి, జారుతాయి. రోజూ పలకరించి, బిరడాల చెవి మెలిపెట్టాలి. వాయించాక గుడ్డతో తుడవాలి. ఒక్క రోజు బాగుచేసి ఊరుకుంటే సరిపోయేది కాదు తల్లీ ఇది. ఒక మెట్టు దగ్గర సన్నటి రొద ఇంకా మిగిలింది, అది చూడాలి, మళ్లీ తీసుకురా." ఆవిడ మళ్లీ బల్ల మీద తడుముకోవడం మొదలుపెట్టారు. "నా కళ్లజోడు..."

"నెత్తి మీద టీచర్."

*

ఆ సాయంత్రం నుంచి గువ్వ గిటారును మంచం కింద పెట్టలేదు. ఎండ తగలని మూల, కళ్లకు కనపడేలా గోడకు ఆనించింది. బడి నుంచి రాగానే, "నేనొచ్చేశా!" అని ముందు దాని దగ్గరికే వెళ్లింది. తీగలు కొంచెం జారి ఉన్నాయి. చెవులు మెలిపెట్టింది. మళ్లీ పలికాయి.

శనివారం అమ్మ మంచం అంచున కూర్చుని చూస్తూ ఉండిపోయింది.

"రోజూ చెయ్యాలా ఇది?"

"రోజూ చెయ్యాలట." గువ్వ బిరడా తిప్పుతూ ఆగింది. "అమ్మా, తలుపు తాళం వేసేటప్పుడు నువ్వు 'దేవుడా, నా పిల్లని చూసుకో' అంటావుగా? ఆయన దూరం నుంచి చూస్తాడా, దగ్గరికొచ్చి చూసుకుంటాడా?"

అమ్మ ఆలోచించింది. "ఏమోనే. చదువుకున్నవాళ్లు ఏమంటారో నాకు తెలీదు. నాకు మాత్రం రోజూ ఆయన నా చెవి మెలిపెడుతున్నట్టే ఉంటుంది."

ఇద్దరూ నవ్వారు. ఆ ఇంట్లో ఫ్రిజ్ గురక వినపడకుండా నవ్వు వినిపించి చాలా కాలమైంది.

ఫోన్ మోగింది. గువ్వ పరుగెత్తి తీసింది. రైలెక్కబోతున్న అక్కతో బండి కదిలేదాకా మాట్లాడింది. పెట్టేశాక ఎప్పటిలాగే గొంతులో లాగింది. గువ్వ కాసేపు అలాగే నిలబడి, ఆ లాగుడును లాగనిచ్చింది.

*

ఆదివారం పొద్దున అక్క వచ్చింది. బాగా చిక్కిపోయింది. ముడత లేని దుప్పటి మీద దభాలున పడి, దాన్ని క్షణంలో నలిపేసింది. ఆ నలిగిన దుప్పటిని చూస్తే గువ్వకి ప్రాణం లేచొచ్చింది.

గిటారు తీసి ఒడిలో పెట్టుకుని, అక్క పాట మొదలుపెట్టింది. సగంలో ఆగింది. ఒక మెట్టు దగ్గర మళ్లీ మళ్లీ మీటింది. చెవి పెట్టి వింటే గానీ తెలియనంత సన్నగా జుయ్‌మంటోంది.

గువ్వ అంతా చెప్పేసింది. వదులు చేసిన తీగలు, వంగిన మెడ, ఎండ పడే గోడ, బస్సు టికెట్టు, అన్నీ.

"టీచరు ఇంకోసారి తీసుకురమ్మన్నారక్కా. ఆ మెట్టు కూడా చూస్తారట. నా వల్లే పాడైంది."

అక్క తిట్టలేదు. తీగ మీద వేలు ఉంచి నెమ్మదిగా అంది. "నేనూ అనుకుంటూనే ఉన్నానే, ఎక్కడో ఏదో వదులైందని. ఎప్పుడు ఫోన్ చేసినా హోంవర్కే! మా దగ్గర డాక్టర్లయ్యేవాళ్లకు కూడా అంత హోంవర్క్ లేదు."

గువ్వ దుప్పటి కొసను వేలికి చుట్టుకుంది. "ఫోన్ పెట్టేశాక లాగుతుందక్కా. ఇక్కడ."

"నాకూ లాగుతుంది, ఇక్కడే," అంది అక్క తన గొంతు తాకి. "మరి అటు కొసన ఉన్నది నేనేగా!"

తర్వాత ఇద్దరూ పాట వాయించారు. అక్క మెట్ల మీద వేళ్లు పెట్టింది, గువ్వ తీగలు మీటింది. ఆ ఒక్క మెట్టు వచ్చినప్పుడల్లా సన్నగా జుయ్‌మంది. వచ్చినప్పుడల్లా అక్క గువ్వ వైపు చూసి కనుబొమలెగరేసింది.

సాయంత్రం గేటు దగ్గర టాక్సీ హారన్ మోగించింది.

"వెళ్తున్నా. తీగలు..." అంది అక్క.

"బిగించే ఉంచుతా. రోజూ ముట్టుకుంటా. ఒట్టు!"

టాక్సీ మలుపు తిరిగింది. అమ్మ కళ్లు తుడుచుకుని, పనుందని పైకి వెళ్లింది. గువ్వ కూడా మెట్లెక్కింది. సగంలో ఆగింది. పైన మంచం మీద దుప్పటి నలిగి ఉంటుంది. దాని మీద ఎవరూ ఉండరు. కింద పిల్లలు గోలగోలగా వాదించుకుంటున్నారు.

"నేను కాదు దొంగ!"

"నిన్న నేనున్నాగా! ఇవాళ ఎవరో ఒకరు ఉండాలి!"

గువ్వకి గొంతులో గట్టిగా లాగింది. పైకీ లాగింది, కిందికీ లాగింది. ఆమె వెనక్కి తిరిగి మెట్లు దిగింది.

వాదన ఆగిపోయింది. రేడియో నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"నేనుంటా దొంగ," అంది గువ్వ.

"నువ్వెందుకు? నువ్వు ఆటలోనే లేవుగా?"

"ఈ ఆటలో కాదు. ఆ రోజు ఆటలో ఉన్నా. అక్క వెళ్లిన రోజు. నీకు బాకీ ఉన్నాగా!"

రేడియో గువ్వని ఎగాదిగా చూసింది. మర్చిపోయిందేమో. ఇక అక్కర్లేదేమో అనుకుంది గువ్వ.

"ఎన్ని నెలలైందో తెలుసా?" అంది రేడియో ఆఖరికి. "నీ కిటికీ కింద అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. మా నాన్నమ్మ కషాయం కూడా తాగించింది. వడ్డీతో కట్టాలి!"

"వడ్డీ అంటే?"

"ఇవాళా నువ్వే దొంగ. రేపూ నువ్వే దొంగ. రేపు రాలేదనుకో, నేనే పైకొచ్చి చెవి పట్టుకుని లాక్కొస్తా!"

"రా," అంది గువ్వ. "తలుపు తీసే ఉంటుంది."

రేడియోకి జవాబు తోచలేదు. అలా జరగడం వారంలో ఇది రెండోసారి. "ఏం చూస్తున్నారు? పరుగెత్తండి!" అని మాత్రం అరిచింది.

గువ్వ గోడ వైపు తిరిగి మోచేతిలో మొహం దాచుకుంది. గోడ ఇంకా వెచ్చగా ఉంది. చుట్టూ పాదాల చప్పుడు. ఒకటి మెట్ల వైపు, ఇంకోటి నీళ్ల ట్యాంకు వెనక్కి, మరోటి సైకిళ్ల మధ్యకి. చప్పుళ్లన్నీ దూరమైపోయాయి. మూసుకున్న కళ్ల వెనక చీకటి తప్ప ఏమీ లేదు.

"గట్టిగా లెక్కపెట్టు!" ఎక్కడినుంచో రేడియో కేక వినిపించింది. "నాకు వినపడట్లేదు!"

గువ్వ ఊపిరి నిండా పీల్చుకుని, మూడో అంతస్తు దాకా వినపడేట్టు మొదలుపెట్టింది.

"ఒకటీ... రెండూ... మూడూ..."